చంద్రమతి మొదలు కమల వఱకు
(నల్లగొండ పట్టణమున ఒక పఠనమందిరమున గావించిన ఉపన్యాస పాఠము)



నాటకములను గూర్చి మాటలాడుమని ఈ పఠనమందిరపు కార్యదర్శిగారు మమ్ము కోరినప్పుడు మాకు మొదట జ్ఞప్తికి వచ్చినది ఏ కవియు గాదు, ఏ నటుడును గాదు, ఒక ముసలమ్మ. అఱువదేండ్ల క్రిందట మూసీ యొడ్డున నొక గ్రామమున సత్యహరిశ్చంద్ర నాటకము జరుగుచుండెను. గడీ ముంగిటి మైదానమున పందిరి వేసిరి. పెట్రొమాక్సు దీపములు రెండు బుసకొట్టుచుండెను. తెల్లవాఱుజామున కాటిసీను వచ్చినది. లోహితాస్యుని శవమును ఒడిలో బెట్టుకొని చంద్రమతి విలపించుచుండగా జనమెల్ల కంట తడిపెట్టిరి. పద్యము ముగియగానే ఆ జనమే వన్సుమోరని కేకలు వేసిరి. చంద్రమతి కన్నీరు తుడుచుకొని మరల నదే పద్యమును నదే శ్రుతిలో నెత్తుకొన్నది. మా ప్రక్క గొంగడి పఱచుకొని కూర్చున్న ముసలమ్మ మాత్రము ఏడువలేదు. ఆమె మావైపు తిరిగి యడిగినది: "ఆయన సత్తెం కోసం పెండ్లాన్ని అమ్మిండు, మంచిదే. మరి ఆమె దేనికోసం అమ్ముడువోయింది బిడ్డా?"

అప్పుడు మా వయస్సు తొమ్మిదేండ్లు. జవాబు తోచలేదు. పిమ్మట నాటకములు చదివితిమి, చూచితిమి, కొన్నింటిని గూర్చి వ్రాసితిమి గూడ. ఆ ప్రశ్న మాత్రము మమ్ము విడువలేదు. నేటి సాయంకాలము దానినే మీ ముందు బెట్టుచున్నాము. విషాదనాయికలని మనము పేరు పెట్టి కన్నీరు గార్చు ఈ స్త్రీలు ఎవరు? వారికి తమదని చెప్పదగిన దేదైన గలదా? లేక తండ్రి కూతురు, మగని భార్య, కొడుకు తల్లి యను మూడు పేరులు తీసివేసినచో అచ్చట మిగులున దేమియు లేదా?

నల్లగొండవారికి నాటకశాస్త్రము పరాయి వస్తువు గాదు. రాచకొండ దుర్గము మీరందఱు చూచినదే. 2016 నాటి జిల్లాల విభజనచే అది నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో జేరినది గాని, మన కొండయే. ఆ కొండపై నుండి రాజ్యమేలిన రేచర్ల వెలమ ప్రభువు, సర్వజ్ఞ బిరుదాంకితుడు, సింగభూపాలుడు సంస్కృతమున రసార్ణవసుధాకరమను లక్షణగ్రంథమును రచించెను. రంజక, రసిక, భావకములని దానికి మూడు విలాసములు. కువలయావళి యను నాటికను గూడ ఆయన వ్రాసెను; దానికే రత్నపాంచాలిక యని మఱియొక పేరు. కత్తి పట్టిన చేతితో నాయికాభేదములను వివరించిన రాజు మన జిల్లాలో నుండెనన్నది గర్వింపదగిన విషయమే.

ఆ నాయికాభేదము లేవి? స్వీయ, పరకీయ, సామాన్య. మఱల ముగ్ధ, మధ్య, ప్రగల్భ. మఱల అవస్థలనుబట్టి ఎనమండ్రు: స్వాధీనపతిక, వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక. ఈ ఎనిమిది పేరులను నెమ్మదిగా తిరుగవేసి చూడుడు. ప్రియుడు చెంతనున్నాడా, వచ్చునా, రాలేదా, మఱియొకతె యింట నుండి వచ్చెనా, అలిగి పోయెనా, దేశాంతర మేగెనా. పురుషుని రాకపోకలకు స్త్రీ నొసట వ్రాసిన గుర్తులివి. ఇది సింగభూపాలుని లోపము గాదు. భరతముని నాటి నుండి చేతులు మాఱి వచ్చిన పట్టిక. శృంగారరసమునకు ఆ పట్టిక చాలును గూడ. కాని కాటిలో కూర్చున్న చంద్రమతిని ఈ ఎనిమిదింట నే గదిలో నుంచగలము? ప్రోషితభర్తృక యందుమా? భర్త యెదుటనే కత్తి యెత్తి నిలిచినాడు గదా!

సంస్కృత నాటకమునకు విషాదాంతము నిషిద్ధము. రామాయణమున భూమిలో జొచ్చిన సీతను భవభూతి ఉత్తరరామచరితమున రామునితో జేర్చి పంపినాడు. మంగళము పాడనిదే తెర వ్రాలరాదు. చంద్రమతి కథకును ఆ మంగళమే ప్రాప్తించినది: దేవతలు ప్రత్యక్షమగుదురు, బాలుడు లేచును, పూలవాన కురియును. ఆ పూలవానలో ముసలమ్మ ప్రశ్న కొట్టుకొనిపోవును.

ఈ కథ తెలుగున ద్విపదగా మొదట ప్రసిద్ధి కెక్కినది గూడ మన రాచకొండ సీమకు సంబంధించిన కవి చేతనే యన్నది మీలో కొందఱికి క్రొత్త కావచ్చును. పదునైదవ శతాబ్దమున గౌరన హరిశ్చంద్రోపాఖ్యానమును వ్రాసెను. ఆయనయే శ్రీశైల మఠాధిపతి కోరికపై నవనాథచరిత్రమును వ్రాసి అందు సారంగధరుని కథను, అనగా చిత్రాంగి కథను, చెప్పెను. పతివ్రతలలో మేటి యనిపించుకొన్న చంద్రమతి, పాపాత్మురాలని పేరు వడిన చిత్రాంగి, ఇద్దఱును ఒక్క కలము నుండియే మన పల్లెల యక్షగానములలోనికి, పిమ్మట పట్టణముల నాటకశాలలలోనికి నడచి వచ్చిరి. ఒకతెను పూజించితిమి, ఒకతెను తిట్టితిమి. రెండు పనులును చదువక, విచారింపక చేసితిమని మా యభిప్రాయము.

చంద్రమతి మాట మొదట చూతము. మార్కండేయ పురాణమున ఆమె పేరు శైబ్య. అప్పు తీర్పలేక భర్త కుములుచుండగా తన్ను అమ్ముమని ఆమెయే నోరు విప్పి చెప్పును. కథకులు దీనిని త్యాగమని పొగడిరి. త్యాగమే. కాని తనది కాని వస్తువును ఎవరును త్యాగము చేయలేరు గదా! ఆమె తన దేహమును ఇచ్చివేయుచున్నదన్నచో ఆ క్షణము వఱకైనను అది ఆమెదై యుండవలెను. మఱి వేలములో ధర పలికిన వాడెవడు? ఆ ధనము చేతికందినది ఎవనికి? త్యాగము ఆమెది, కీర్తి సత్యహరిశ్చంద్రునిది. నాటకమునకు పేరు గూడ ఆయనదే. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు 1912 ప్రాంతమున వ్రాసిన సత్యహరిశ్చంద్రీయము ఆంధ్రదేశమున మూల మూలల ఆడినది. ఆ పద్యములు రాని నటుడు నటుడే కాడన్న దినములుండెను. ఆ నాటకమును మేము తక్కువ చేయుట లేదు. నేటికిని హార్మోనియముపై కాటిసీను పద్యపు ఎత్తుగడ వినబడినచో మా కాళ్లు అటే నడచును. చెప్పవచ్చున దేమనగా, ఆ నాటకమున చంద్రమతి యెవరో గుర్తుపట్టుటకు ఆధారము మంగళసూత్రము. అదియు భర్తకు దక్క నన్యులకు గానరానిది. లోకమున ఆమె దాసి, కాలకౌశికుని యింటి పనికత్తె, కాశీరాజు కొడుకును జంపినదన్న నేరము మోసిన నిందితురాలు. ఆమె ఆమెయే యని చెప్పగల గుర్తు ఒక్కటి, దానిని చూడగల కన్నులు మఱియొకరివి. స్త్రీ యునికిని గూర్చి ఇంతకంటె కఠినమైన కల్పన ప్రపంచ నాటకములలో మేము చూడలేదు.

ఇంటి పని ముగియనిదే కొడుకు శవమును వెదకుటకు పోవీలులేదని ఆ తల్లికి యజమాని ఆజ్ఞ. పట్టణవాసులకు ఇది పురాణము. ఈ గడ్డపై వెట్టిచాకిరి చేసిన యింటివారికి ఇది పురాణము గాదు. దొరల పొలములలో, గడీలలో పనిచేయుచు పసిబిడ్డకు పాలిచ్చి వచ్చుటకు సెలవు దొరకని తల్లుల వృత్తాంతములు తెలంగాణ స్త్రీల వాఙ్మూలములలో గలవు. పెండ్లికూతురి వెంట అరణముగా పంపబడిన ఆడబాపల సంగతి మీ పెద్దలను అడుగుడు. ఆ బాలికలకు మగడు లేడు, ఇల్లు లేదు, కన్నబిడ్డకు తండ్రి పేరు లేదు. గడీ ముంగిట హరిశ్చంద్ర నాటకము జరిగినప్పుడు, ప్రహరీ వెనుక నిలిచి తొంగి చూచిన ఆడబాప యెవతె యైన నుండి యుండవచ్చును. నక్షత్రకుడు చంద్రమతిని వీథిలో నడిపించుకొనిపోవుట చూచి ముందు వరుసలోని దొర కంట నీరు పెట్టుకొనుటకు అడ్డేమియు లేదు. రంగముమీది అమ్మకమునకు ఏడ్చు మనుష్యునికి ఇంటిలోని అమ్మకము కానరాకపోవుట విచిత్రము గాదు. నాటకపు కన్నీరు ఖర్చు లేనిది.

ఇక చిత్రాంగి. తంజావూరి రఘునాథనాయకుని కాలమున చేమకూర వేంకటకవి సారంగధరచరిత్రమును రచించెను. కథ మీకు తెలిసినదే. రాజు వేటకు బోయినప్పుడు పావురము చిత్రాంగి మేడపై వ్రాలినది. దానికొఱకు సారంగధరుడు పోయెను. ఆమె మోహించినది, అతడు తిరస్కరించెను, ఆమె నింద మోపినది, తండ్రి విచారింపక కాలుసేతులు నఱికించెను. నాలుగు శతాబ్దములుగా ఈ కథకు మనము చెప్పుకొన్న నీతి ఒక్కటే: ఆడుదానిని నమ్మరాదు. వాడుకలోనున్న కథాంతరములలో చిత్రాంగి మొదట సారంగధరునికే ఉద్దేశింపబడిన కన్య. చూచి మోజుపడి తండ్రియే కట్టుకొన్నాడు. ఆ ముక్క చెప్పు భాగవతులును దానిని గబగబ చెప్పి దాటిపోవుదురు. కొడుకు పెండ్లామును వృద్ధాప్యమున తానుంచుకొన్న రాజు నేరము రెండు పాదములలో ముగియును. ఆమె నేరము తెల్లవాఱువఱకు సాగును.

గ్రీకుదేశమున క్రీస్తుకు పూర్వము 428లో యూరిపిడీసు ప్రదర్శించిన హిప్పోలిటసు నాటకము దాదాపు ఇదే కథ. ఫీడ్రా సవతికొడుకును కోరి, మానము పోవునను భయమున ఉరి వేసికొని, నింద మోపు లేఖ నొకటి విడిచిపోవును; తండ్రి శపించును; కొడుకు చచ్చును. కాని ఆ కవి ఆమెను మొదట మన ముందు రోగిగా, కోరికతో పోరాడి యోడిన దానిగా నిలుపును. ఆమె లోపలి యుద్ధమును మనము కన్నులార చూతుము. 1677లో ఫ్రెంచి కవి రసీను నాటకమునకు ఆమె పేరే పెట్టెను. మనకును అశోకుని రాణి తిష్యరక్షిత, కుణాలుల కథ యున్నది గాని, అందును ఆమెకు దక్కినది దుష్టురాలను పేరే.

బళ్లారి వాస్తవ్యులు ధర్మవరము రామకృష్ణమాచార్యులు గారు ఆ కట్టుబాటును త్రెంచిరి. విషాద సారంగధరమని పేరుపెట్టి, మంగళాంతమును విడిచి, తెలుగున విషాదాంత నాటకమునకు వారు దారి తీసిరి. సిద్ధుడు వచ్చి తెగిన చేతులు మొలిపించు ముగింపు లేకపోవుటచే జరిగినది జరిగినట్లే నిలిచిపోయినది. అప్పటి పండితులకు అది రుచింపలేదు. తెర వ్రాలిన పిమ్మట ప్రేక్షకుడు ఇంటికి పోవుచు ఆలోచింపవలసి వచ్చుట మొదలైనది ఆ దినముననే. పిమ్మట చలము గారు ఒక అడుగు మున్నుగా పోయి చిత్రాంగి యను నాటకమున ఆమె పక్షమున వకాల్తా పుచ్చుకొనిరి. హరిశ్చంద్రుని సత్యవ్రతమును సైతము మఱియొక నాటకమున నిలదీసిరి. చలము గారి వాదమున మాకు తోచిన లోపమొకటి యున్నది. ఆయన చిత్రాంగికి మాట నిచ్చెను గాని ఆ మాట చాల చోట్ల చలము మాటగానే వినబడును. అయినను నోరు లేని దానికంటె అరువు నోరు మేలు.

మన పాలమూరు జిల్లాలో జన్మించి 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారును ఉచ్ఛల విషాదమను నాటకమును వ్రాసిరని ఇచ్చట జ్ఞాపకము చేయుచున్నాము. విషాదము కోస్తావారి సొత్తు గాదు.

నటుల మాట చెప్పక పోరాదు. ఈ నాయికల నందఱిని ఆంధ్రదేశమునకు చూపినవారిలో అధికులు పురుషులు. స్థానము నరసింహారావుగారు చంద్రమతి వేషముతో రంగమెక్కి చిత్రాంగి, మధురవాణి, రోషనార పాత్రలలో ఎన్నియో యేండ్లు వెలిగిరి. 1956లో వారికి పద్మశ్రీ లభించినది. చీర కట్టుటలో, నడకలో స్త్రీలే వారిని జూచి నేర్చుకొనిరని చెప్పుకొందురు. ఆ కళకు మేమును జోహారు చేయుచున్నాము. మన గ్రామపు చంద్రమతి మాత్రము మీసము గొఱిగిన చోట పచ్చగా నుండగా, మధ్య మధ్య తెర వెనుకకు బోయి బీడీ కాల్చి వచ్చుచుండెను. అది వేఱు సంగతి. 1885లో కడప మండలమున మొదలైన సురభి కుటుంబముల వారు తమ స్త్రీలనే రంగమున నిలిపిరి. తక్కిన పెద్దమనుష్యులు వారి నాటకములకు టిక్కెట్లు కొనిరే గాని తమ యింటి ఆడుబిడ్డలను పంపలేదు. అనగా స్త్రీ దుఃఖమును వ్రాసినది పురుషుడు, పాడినది పురుషుడు, చప్పట్లు కొట్టినది పురుషుడు. స్త్రీలు చాప చివర గొంగడిపై కూర్చుండి ప్రశ్నలు వేసిరి. అవి యెవరికిని వినబడలేదు.

పురాణము నుండి వీథిలోనికి దిగినప్పుడు అమ్మకము పోలేదు, ధరలు మాత్రము మాఱినవి. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి 1897లో అచ్చయినది. నేడు మనము చదువునది 1909 నాటి రెండవ కూర్పు. మొదటి కూర్పు పీఠికలో వారిచ్చిన లెక్కలు నాటకముకంటె భయంకరములు. విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో నమోదైన శుల్క వివాహములు 1034. అందు ఐదేండ్ల వయస్సున పెండ్లియైన వారు 99 మంది. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. ఆ పసికందుల ధర 350 మొదలు 400 రూపాయల వఱకు. కాశీ వీథిలో చంద్రమతికి వేలమువేసిన వాని గొంతు ఈ అంకెలలో వినబడుచున్నది.

కన్యాశుల్కము హాస్యనాటకమే. అయినను దాని మధ్య నొక నుయ్యి యున్నది. చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇచ్చుటకు నిశ్చయించినందుకు తల్లి వెంకమ్మ నూతిలో దూకును, బయటికి తీయుదురు. ఆ యిల్లాలికి తన నిరాకరణమును తెలుపుటకు నుయ్యి తప్ప వేఱొక భాష దొరకలేదు. పెద్దకూతురు బుచ్చమ్మ బాలవితంతువు. గిరీశము మాటలు నమ్మి వెంట లేచిపోవును. చివరకు పూనాలోని వితంతుశరణాలయమునకు పంపబడును. ఎవరెవరో ఆమెను ఎచ్చట నుంచవలెనో నిర్ణయింతురు. ఆమె యేమి కోరినదో ఆమె నోట వినుటకు మనము వేచి యుండి యుండి పుస్తకము మూయుదుము. స్వతంత్రముగా మాటలాడునది, ఇచ్చిన మాట నిలుపుకొనునది, తన బ్రదుకును తానే తూచుకొనునది మధురవాణి యొక్కతెయే. సింగభూపాలుని లెక్కలో ఆమె సామాన్య. పట్టికలో అట్టడుగున నున్న పేరుగలది రంగమున అందఱికంటె పై నిలిచినది. సంసారి స్త్రీకి లేని స్వాతంత్ర్యము వేశ్యకు గలదని వ్రాయుట పొగడ్త గాదు, సంసారముపై అభియోగము.

ఇచ్చట నొక శిలాశాసనమును తలపునకు తెత్తుము. బుచ్చమ్మకు ఆఱు వందల యేండ్లకు పూర్వము, 1276లో, మన పాలమూరు సీమయందలి బూదపురమున కుప్పాంబిక యను నొక వితంతువు మగని పేర గుండేశ్వరుని ప్రతిష్ఠించి శాసనము వేయించినది. రంగనాథ రామాయణకర్త గోన బుద్ధారెడ్డి కూతురామె. భర్త మల్యాల గుండ దండాధీశుడు. తెలుగున తొలి కవయిత్రి యని పండితులు ఆమె నెన్నుదురు. ఆమె గూడ ఒకరి కూతురు, ఒకరి భార్యయే. అయినను తల గొఱిగించుకొని మూల గూర్చుండలేదు. రాతిపై తన పేరు తాను చెక్కించుకొన్నది. ఆనాటి స్త్రీలందఱు ఇట్లుండిరని మేము చెప్పుట లేదు. దండనాయకుని యిల్లాలికి చెల్లినది కూలి యిల్లాలికి చెల్లదు. బుచ్చమ్మ దురవస్థ అనాది ధర్మమని వాదించు వారికి మాత్రము ఆ రాయి చూపవచ్చును.

కాళ్లకూరి నారాయణరావుగారి వరవిక్రయమున సంత తలక్రిందులైనది. కన్యకు బదులు వరుడు అమ్మకమునకు వచ్చెను. పురుషోత్తమరావుగారికి ఇద్దఱు కూతుండ్రు, కాళింది, కమల. కట్నమునకై తండ్రి ఇల్లు గుల్ల యగుట సహింపలేక, కొన్న మగనిని కట్టుకొనుట అవమానమని తలచి, కాళింది నూతిలో బడి చనిపోవును. మఱల నుయ్యి! వెంకమ్మను బయటికి తీసిరి, కాళిందిని తీయలేకపోయిరి. చెల్లెలు కమల అదే వరుని, సింగరాజు లింగరాజు కొడుకు బసవరాజును, పెండ్లాడి, కాపురమునకు పోను పొమ్మన్నది. డబ్బిచ్చి కొన్నవారము మేము, కొన్న సరకు కొన్నవారి యింటికే రావలెనన్నది. వ్యవహారము న్యాయస్థానపు గడప త్రొక్కినది.

ఈ నాటకమును మేము పలుమాఱు చూచితిమి. ప్రతి పర్యాయమును కాళింది మరణమునకు సభ కరగి నీరగును. కమల మాటలకు నవ్వి చప్పట్లు చఱచును. విషాదనాయిక యను గౌరవము కాళిందికి, చమత్కారపు పిల్ల యను బిరుదు కమలకు. మాకు మాత్రము వయస్సు మీఱిన కొలది ఈ పంపకము నచ్చకున్నది. కవి ఒక్క స్త్రీని రెండుగా చీల్చినాడని తోచుచున్నది: అభిమానము అక్క కిచ్చెను, బుద్ధి చెల్లెలి కిచ్చెను. అభిమానము గలది చావవలెను, బుద్ధి గలది గెలువవలెను. రెండును గలది బ్రదికి పోరాడినచో చూచు ధైర్యము 1920 ప్రాంతపు సభకు లేదని ఆయన కనిపెట్టి యుండును. నార్వే కవి ఇబ్సెను నాటకమున నోరా 1879లో మగని యింటి తలుపు మూసి వెడలిపోయెను. ఐరోపా యెల్ల గగ్గోలు పుట్టెను. మన కమల తలుపు మూయలేదు. తన యింటి తలుపు తెఱచి, అమ్ముడుపోయినవాడు లోనికి రావచ్చునన్నది. నవ్వి ఊరకుంటిమి గాని ఇది నోరా చేసిన పనికి తక్కువదా? వరకట్న నిషేధ చట్టము 1961లో గాని రాలేదు. చట్టమునకు నాలుగు దశాబ్దుల ముందు ఒక పిల్ల రంగముమీద వాదమును పూర్తిచేసినది.

కాళింది పాత్రతోనే 1939లో భానుమతిగారు చలనచిత్రములలో అడుగిడిరి. 1957లో సారంగధర చిత్రమున చిత్రాంగియు వారే. నూతిలో బడిన కన్యయు, నింద మోపిన రాణియు ఒక్క ముఖమున గనబడినప్పుడు ఈ రెండు కథలకు నడుమ దూరము మనమనుకొన్నంత లేదని మాకు మొదటిసారి తోచినది. ఇద్దఱిని గూర్చిన బేరము ఇద్దఱికిని చెప్పకయే జరిగినది.

నిజాము రాష్ట్రాంధ్ర మహాసభలు జరిగిన కాలమున వానితో పాటు మహిళా సభలును జరిగినవి. 1931లో మన దేవరకొండలోను, 1936లో పాలమూరు జిల్లా షాద్‌నగరులోను స్త్రీలు వేదిక యెక్కి స్త్రీవిద్యను గూర్చియు, బాల్యవివాహములను గూర్చియు మాటలాడిరి. వారు చదువుకొన్న యింటి స్త్రీలు. చదువులేని స్త్రీలు వేఱొక రంగమున మాటలాడిరి. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు చేసిన నాలుగెకరముల పంటపై విసునూరు దేశముఖు చేయి పడనీయలేదు. సంఘము వారు కోసి ఆమె యింటికి చేర్చిరి. మగడు, కొడుకులు జైలు పాలైరి. ఇంటిపై దాడులు జరిగినవి. ఆమె భూమిని విడువలేదు. 1985లో ఆమె కన్నుమూసిరి. 2024లో హైదరాబాదు మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి. కష్టములను లెక్కించినచో చంద్రమతికి తీసిపోవు కథ గాదు. కాని ఆమెను విషాదనాయిక యనుటకు మా నోరు రాదు. ఏలయనగా ఆమె దేనికొఱకు నిలిచెనో ఆమెకు తెలియును. మన ముసలమ్మ ప్రశ్నకు ఆమె యొద్ద జవాబున్నది.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు 1947లో వ్రాసిన మా భూమి నాటకము ఈ పోరాటమునే వస్తువుగా గైకొన్నది. 1941లో విసునూరు దేశముఖు మనుష్యులచే కామారెడ్డిగూడెమున హతుడైన బందగీ కథ దానికి ప్రాణము. ప్రజానాట్యమండలి దళములు దానిని ఊరూర ఆడినవి. మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. గొప్ప నాటకము. అయినను మధ్యమున నిలిచినవాడు పురుషుడే. ఐలమ్మ ప్రధానపాత్రగా అంతటి ఊపుతో ఆడిన నాటకము అదే కాలమున ఒక్కటియు రాలేదేల యని మేము అడుగవలసియే యున్నది.

1986లో స్త్రీశక్తి సంఘటన వారు మనకు తెలియని మన చరిత్ర యను గ్రంథమును వెలువరించిరి. పోరాటమున బాల్గొన్న స్త్రీలు అందు తమ మాటలలో తమ కథ చెప్పిరి. అందు కమలమ్మ యను నామె యున్నది. అజ్ఞాతవాసమున బిడ్డ ఏడ్చినచో దళమునకు ప్రమాదమని కన్నబిడ్డను ఇతరుల చేతిలో బెట్టి విడువవలసి వచ్చిన తల్లి. ఆ పుటలను చదువునప్పుడు మాకు కాటిసీను గుర్తు వచ్చినది. కాని ఇచ్చట పద్యము లేదు, వన్సుమోరు లేదు, చివర పూలవాన లేదు. ఆమె మాటలలో దుఃఖముతో పాటు కోపమును గలదు, అడిగిన వారిపైనను, ఇచ్చిన తనపైనను. సత్యము కొఱకు బిడ్డ నిచ్చితినని గొప్ప చెప్పుకొనదు. ఇచ్చితిని, ఇప్పటికిని తట్టుకొనలేకున్నాను అను రీతిగా ఆ కథ సాగును. కర్విరాల కొత్తగూడెమున 1931లో జన్మించి, తుపాకి పట్టి దళమును నడపి, పిమ్మట తుంగతుర్తి నుండి 1978లోను, 1983లోను శాసనసభకు ఎన్నికైన మల్లు స్వరాజ్యము గారు గూడ 2022లో కాలధర్మము నొందుటకు ముందు తమ ఆత్మకథను తామే చెప్పి యచ్చు వేయించిరి. నాటకకర్తలకు ఇంతకంటె ముడిసరకు కావలెనా?

ఈ సంక్రాంతికి మన పట్టణపు యువకులు మఱల హరిశ్చంద్ర నాటకమును ప్రదర్శింప నున్నారని కార్యదర్శిగారు చెప్పిరి. ప్రదర్శింపుడు, ముందు వరుసలో మేమును కూర్చుందుము. కోరునది ఒక్కటే. చంద్రమతి వేషమును మన యూరి బడిపంతులమ్మలలో నొకరికి ఇచ్చి చూడుడు. కాటిసీనునకు ముందుగా ఆమెను పిలిచి, ఈ ఘట్టమున నీకేమి తోచుచున్నదమ్మా యని యడుగుడు. ఆమె చెప్పినది దర్శకునికి నచ్చకపోవచ్చును. అప్పుడే ఆ నాటకమున క్రొత్త పని మొదలగును.

మొదట చెప్పిన నాటకమున చంద్రమతి వేషము వేసినవాడు మాకు పిమ్మట చాల యేండ్లకు దొరికినాడు. వృద్ధుడై, ఒక చిన్న పట్టణమున బస్టాండు ప్రక్క దర్జీ పని చేసికొనుచుండెను. ముసలమ్మ ప్రశ్నను అతని ముందు బెట్టితిమి. కుట్టుమిషను ఆపి కొంతసేపు ఊరకుండెను. "అది పద్యంల లేదు సారూ. లేనిది నేనేడికెళ్లి పాడాలె?" అనెను. మఱల తానే యిట్లనెను: "ఒక్కసారి మాత్రం, దేవరకొండ దిక్కు ఒక ఊర్ల ఆడుతున్నం. రాజు కత్తి లేపిండు. నేను పద్యం ఎత్తుకోకుంట ఆయన మొకం దిక్కే చూసుకుంట కూసున్న. ఎందుకో నాకే ఎరుకలేదు. జనం పద్యం పద్యం అని ఒర్లిండ్రు. పెట్టె వాయించేటాయన మల్ల శ్రుతి ఇచ్చిండు. ఎత్తుకున్న."

ఇట్లని మరల మిషను చక్రము త్రిప్పసాగెను.